నడిమి ముల్లు

సన్నగా మొదలైంది,
కుండలో చిక్కిన తుమ్మెదలాగా.
వాల్పరాయిసో కొండమీద నా రేకుగోడల గది,
అద్దెకు తెచ్చిన మైకు,
మైకు ముందు ఒర్తెన్సియా.
డెబ్బై ఆరేళ్ల గొంతు,
రేవులో చేపలు అమ్మి అమ్మి అంచులరిగిన గొంతు.
ఆమె నోరు తెరవకముందే
హెడ్‌ఫోన్లలో ఇంకెవరో పాడుతున్నారు,
ఒకటే స్వరం, ఊపిరి తీసుకోకుండా.

మొదట స్పీకర్లను అనుమానించాను.
తర్వాత కేబుల్‌ని. కొత్తది కొన్నాను.
కొత్త కేబుల్ ఆ రొదని
ఇంకా శుభ్రంగా వినిపించింది.
మౌస్ కదిపితే కీచుమంటుంది,
తెరమీద పాటను ముందుకు జరిపితే గొంతు మారుస్తుంది.
ట్యూబులైటు ఆర్పాను.
ఫోను పక్కగదిలో పడేశాను.
ఫ్రిజ్ ప్లగ్గు పీకేశాను,
ఇసుమంత తగ్గినట్టుంది, నా ఆశేమో.
తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు.
రాత్రంతా లాగాను,
తీగ వెనక తీగే వచ్చింది.

ఛార్జర్ తీస్తే మాత్రం చటుక్కున నిశ్శబ్దం.
కానీ ముసలి ల్యాప్‌టాప్,
బ్యాటరీ మీద పదకొండు నిమిషాలే బతుకుతుంది.
పదకొండు నిమిషాల్లో ఒర్తెన్సియా
గొంతు సవరించుకోవడమే పూర్తవదు.

రొదను తుడిచే సాఫ్ట్‌వేర్ వేసి చూశాను.
రొదతో పాటు ఆమె ఊపిరినీ తుడిచింది,
మాటల చివర ‘స’లన్నీ మింగేసింది.
"మింగనీ, మేమూ మింగుతాంగా" అని నవ్విందామె.
నిజమే, ఈ తీరంలో చివరి ‘స’ ఎవరూ పలకరు.
కానీ ఊపిరి పోయిన పాట
పళ్లెంలో పెట్టిన ప్లాస్టిక్ పండులా ఉంది.

తెల్లారి బాల్దోమేరో వచ్చాడు,
కొండెక్కే లిఫ్టుల మోటారుగదిలో
ముప్పై ఏళ్లు నూనె పూసుకున్న మనిషి.
హెడ్‌ఫోన్ ఒక చెవికే ఆనించుకుని
"వీణ్ణి నేనెరుగుదును" అన్నాడు,
"కరెంటు. సెకనుకు యాభైసార్లు.
మీ సంగీతంలో ఏమంటారో మరి."
పక్కనే తగిలించి ఉన్న ఎలక్ట్రిక్ గిటారు తీసి వెతికాను.
‘జి’కి కాస్త పైన,
ఏ మెట్టుమీదా కూర్చోని స్వరం.
వెతుకుతూ తీగలమీద చెయ్యి ఆనించగానే
ఆగింది.
తీశాను, మొదలైంది.
ఆనించాను, ఆగింది.
బాల్దోమేరో నా చేతినే చూశాడు చాలాసేపు.
"దానికి నేల దొరకలేదమ్మా,
నిన్నే నేల అనుకుంటోంది."

గోడ సాకెట్టు విప్పాడు.
వరసగా మూడు ముళ్లకు మూడు రంధ్రాలు.
నడిమి ముల్లును పట్టుకోవాల్సిన పచ్చతీగ
జానెడు లోపలే తెగి,
కొసకు నల్లటేపు చుట్టుకుని,
ఎన్నేళ్లుగానో ఉత్తినే కూర్చుంది.
మూడు ముళ్లూ పడ్డాయన్న ధీమాలో ఉన్నాను నేను.

ఈ ఊళ్లో భూమిని నమ్మేవాళ్లు తక్కువ.
ప్రతి ఇంటికీ ఒక బీట, బీటకొక తేదీ.
పింగాణీ గిన్నెలు అలమర అంచున పెట్టరు,
చెప్పులు మంచం పక్కనే,
వాకిలి వైపు తిప్పి ఉంచుతారు.
అలాంటి భూమిలోకే ఆ మధ్యాహ్నం
రాగికడ్డీ దిగేశాం, నిమ్మచెట్టు పక్కన,
సుత్తిదెబ్బకో బూతుమాట చొప్పున.
ఒర్తెన్సియా బకెట్టుతో నీళ్లు పోసింది,
మొక్క నాటినట్టు.

సాయంత్రం రికార్డు నొక్కాను.
ఏమీ లేదు.
ఆ ఏమీలేనితనంలో
ఆమె కట్టుడుపళ్లు టిక్కుమన్నాయి,
పాటకు ముందు తీసుకున్న ఊపిరి
గది వెడల్పున వినిపించింది.
రెండో చరణం మధ్యలో ఆపేసింది.
ముక్కు ఎగబీల్చి
వంటగది వైపు తిరిగింది.
"ఫ్రిజ్ తీసిందెవరు?
అందులో నావి ఆరు చేపలున్నాయి!"

ఆ టేకు ఇంకా చెరపలేదు.
ఆ తర్వాత ఆమె తిట్టిన తిట్లన్నీ,
మింగిన ‘స’లతో సహా,
అడుగున ఏ రొదా లేకుండా
అందులో ఉన్నాయి.